ఒప్పుకునే వచ్చారు కదా!

మిరప కోతలూ, ఈస్టరుకు ముందు కతోలికులు పాటించే నలభై రోజుల తపస్సుకాలమూ మా గుంటూరు వైపు ఎప్పుడూ కలిసే వస్తాయి. ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారం చీకటితోనే గుళ్లో పూజకు పోయి, నుదుట విభూది పెట్టించుకుని, అటు నుంచి అటే చద్దిమూటతో తోటకు పోయేవాళ్లు మా పల్లె ఆడవాళ్లు. ఈ నలభై రోజులూ ఒంటిపూట ఉండమని ఫాదర్‌గారు చెబితే మా నాయనమ్మ, "మిగతా రోజుల్లో రెండో పూట ఎవరు పెడుతున్నారయ్యా మనకి?" అనేది. అన్నీ పుల్లవిరుపు మాటలే ఆమెవి. అలా అంటూనే శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనకు అందరికంటే ముందు పోయి కూర్చునేది.

1980ల నడుమ సంగతులివి. నేను ఇంకా ప్రాథమిక బడిలోనే ఉన్నాను.

మిరప పని తెలియనివాళ్లకు కోయడమే కష్టమనిపిస్తుంది. కోత నయం. కాయ కల్లంలో ఎండాక తాలు ఏరాలి, తొడిమలు తీయాలి, అదీ అసలు పని. గోనెపట్టాలు పరుచుకుని, మూతికి కొంగు బిగించి, ఎర్రటి కుప్పల చుట్టూ పొద్దస్తమానం కూర్చునేవాళ్లు. మొదటి వారం తుమ్ములు, దగ్గులు. తర్వాత ముక్కు అలవాటు పడుతుంది. చేతులు మాత్రం పడవు. రాత్రి ఆముదం రాసుకుని, దుప్పటి బయట చేతులు పెట్టుకుని పడుకునేది అమ్మ. ఆ సీజనంతా మా మొహాలు కడగడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ అక్కే చేసేది. గుడి గుమ్మం దగ్గర తీర్థం తొట్టిలో వేలు ముంచితే అమ్మకు చురుక్కుమనేది. సిలువ గుర్తు వేసుకునేటప్పుడు వేళ్లను నుదుటికి తగలనివ్వకుండా కాస్త ఎడంగా గాల్లోనే తిప్పేది. మేం చిన్నపిల్లలం, అదే పద్ధతి అనుకుని మేమూ అలాగే వేసుకునేవాళ్లం.

గుడి గురించి కొంచెం చెప్పాలి. మా ప్రాంతంలో కతోలికులు నిన్నమొన్నటి వాళ్లు కాదు. 18వ శతాబ్దంలోనే యేసు సభ ఫాదర్లు ఫిరంగిపురం వైపు వచ్చారు. మొదట కలిసినవాళ్లలో రెడ్లు, కమ్మవాళ్లు ఉన్నారు. మా దళిత పల్లెలు చాలా తర్వాత, లండన్‌లోని మిల్‌హిల్ సభ ఫాదర్ల కాలంలో కలిశాయి. అందుకని మా గుళ్లో ఆసామీ, కూలీ ఇద్దరూ ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లే. ముందు బల్లలు ఊళ్లోవాళ్లవి, వెనక చాపలు మావి. ఇలా కూర్చోవాలని గోడ మీద ఎక్కడా రాసి లేదు. రాయనవసరం లేకుండానే అందరికీ తెలుసు. సమాధుల తోట కూడా రెండు ముక్కలు, మధ్యలో కలబంద వరస.

ఆ రోజుల్లో మా ఫాదర్‌గారు కుర్రవాడు. రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ మీద తిరిగేవారు. సెమినరీ నుంచి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. కారంచేడు జరిగింది 1985 జూలై 17న, ఆరుగురు దళితులను చంపారు. అక్కడ చనిపోయినవాళ్ల గురించి పూజలో ప్రార్థన చేస్తే ముందు బల్లల్లో కొంతమంది చప్పుడు చేసుకుంటూ లేచి బయటికి పోయారట. నాకు గుర్తు లేదు, అమ్మ చెప్పింది. ఆయన యువతను కూర్చోబెట్టి కార్డైన్ అనే బెల్జియం ఫాదర్ పద్ధతి చెప్పేవారు. ముందు చూడు, తర్వాత ఆలోచించు, ఆ తర్వాత చెయ్యి. ఆ కార్డైన్ ఫ్యాక్టరీ కుర్రాళ్లతో సంఘం కట్టినాయన. 1961లో ఇరవై మూడవ యోహాను పోపుగారు తన లేఖలో ఈ మూడు మెట్లనే కతోలిక సభ (చర్చి) అంతటికీ చెప్పారు. మా పల్లెలో మాత్రం మొదటి మెట్టు దగ్గరే నవ్వులు మొదలయ్యేవి. "చూడ్డానికేముంది ఫాదర్, రోజూ చూస్తానే ఉన్నాంగా" అనేవాళ్లు.

విభూది బుధవారం అయిన మర్నాటి మర్నాడు, శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం వస్తుంది. ఉపవాసం ఉన్నాం కదా ప్రభువా, ఎందుకు పట్టించుకోవడం లేదని జనం అడుగుతారు. మీరు ఉపవాసం ఉన్న రోజునే మీ పనివాళ్లను పీడిస్తున్నారు కదా అని జవాబు. ఓ ఏడు ఆ వాక్యాన్ని ఫాదర్‌గారు ఆదివారం ప్రసంగంలోకి తెచ్చారు. పేర్లు ఎత్తలేదు, ఎత్తే పని లేకుండా పోయింది. ముందు బల్లలో ఒకాయన కల్లంలోనే మా వాళ్లందరూ కూర్చునేది. కిందటేడు తొడిమల కూలి డబ్బులు కూడా ఆయన ఇంకా సగమే ఇచ్చాడు.

పూజయ్యాక గుడి ముందు రావిచెట్టు కింద ఆయన ఫాదర్‌గారిని ఆపాడు. నిజానికి మర్యాదస్తుడే. పండగకు గుడికి రంగులు వేయించేది, తేరుకు దీపాలు పెట్టించేది ఆయనే. "ఎవర్నీ మెడ పట్టి తీసుకురాలేదు ఫాదర్. రేటు ముందే చెప్పాం. ఒప్పుకునే వచ్చారు కదా" అన్నాడు. ఫాదర్‌గారు అప్పటికి ఏమీ అనలేదు. మా అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే గొణుక్కుంటూ నడిచింది. "ఒప్పుకోకపోతే ఏం చేస్తామంట? ఏం చేస్తామంట?"

మళ్లీ ఆదివారం ఫాదర్‌గారు ఓ నోటుపుస్తకం తెచ్చుకుని ప్రసంగం చేశారు. ఎప్పుడూ కాగితం చూడని మనిషి ఆ రోజు చదివారు. పదమూడవ లియో పోపుగారు 1891 మే 15న రాసిన లేఖ, పేరు రేరుమ్ నొవారుమ్. అందులో ఒకచోట ఉన్న మాటను తెలుగులోకి తెచ్చుకున్నారు. గతి లేకో, ఇంతకంటే పెద్ద కష్టం వచ్చి పడుతుందన్న భయంతోనో కూలివాడు కఠినమైన షరతులకు తలూపితే, అది ఒప్పుకోవడం కాదు, అతను బలవంతానికీ అన్యాయానికీ బలైనట్టు. జాగ్రత్తగా బతికే మనిషి పొట్ట గడవడానికి సరిపడేంత కూలి అన్నది ఇద్దరి ఒప్పందం కంటే ముందున్న న్యాయం.

నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు. కానీ చాపల మీద ఒక కదలిక వచ్చింది, అది గుర్తుంది. మా నాయనమ్మ పక్కావిడ చెవిలో, "వందేళ్ల నాటి పోపుగారికి మన కల్లం సంగతి ఎవరు చెప్పారే?" అంది.

ప్రసంగం విని ఆసామి మారిపోయాడని రాస్తే కథ బాగుంటుంది కానీ అలా జరగలేదు. ఆ వారమంతా పాత రేటే. తర్వాత మబ్బు పట్టింది. ఎండిన కాయ కల్లం నిండా పరిచి ఉంది, చినుకు పడితే మచ్చలొచ్చి సగం రేటుకు కూడా పోదు. కుప్ప చేసి పట్టాలు కప్పడానికి మనుషులు కావాలి. ఆ పొద్దు మా ఆడవాళ్లు ఎవరూ పోలేదు. చెట్టు కింద కూర్చున్నారు. ఆయన పాలేరును పంపాడు, తర్వాత కొడుకును పంపాడు, చివరికి తనే వచ్చాడు. అంతకు ముందు ఆయన మా పల్లెలో అడుగు పెట్టగా నేను చూడలేదు. "పాత బాకీ ముందు తీర్చండి అయ్యగారూ" అని అడిగింది మా పెద్దమ్మ. ఆవిడకి సంతకం రాదు, ఎవరికెంత రావాలో మాత్రం పైసలతో సహా నోటికి చెప్పింది. బాకీ తీరింది, రోజుకో రూపాయి పెరిగింది. వాన పడనేలేదు.

ప్రసంగం లేకపోయినా ఆ మబ్బుకు వాళ్లు కూర్చునేవాళ్లా? కూర్చునేవాళ్లేనేమో. పల్లెలో ఎర్రజెండా సంఘం ఉంది, అడగడం కొత్తేమీ కాదు. కానీ అంతకు ముందు అడిగినప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు, కృతజ్ఞత లేనివాళ్లయినట్టు అడిగేవాళ్లు. ఆ రోజు అలా అడగలేదని అమ్మ చాలాసార్లు చెప్పింది.

లియో పోపుగారి లేఖ అంతా మా వైపే ఉందని అనుకోకండి. సొంత ఆస్తి హక్కును ఆయన గట్టిగా సమర్థించారు, సోషలిజాన్ని అంతకంటే గట్టిగా ఖండించారు. ఆసామి కొడుకు గుంటూరులో డిగ్రీ చదువుతూ ఆ లేఖ ఎక్కడో సంపాదించి, ఆ పేజీలకు గుర్తులు పెట్టుకుని మరీ ఫాదర్‌గారితో వాదనకు వచ్చాడు. సంఘం నాయకుడేమో ఇటు నుంచి, "మీ పోపుగారు మా జెండాకు పడరంట కదా" అని ఎద్దేవా చేసేవాడు. అదే లేఖలో ఆడవాళ్లు స్వభావరీత్యా ఇంటిపనికి తగినవాళ్లని కూడా ఉంది. పెద్దయ్యాక అది చదివి అమ్మకు చెబితే పడీపడీ నవ్వింది. "ఎవరింటి పనికంట?" అంది. ఆ రోజుల్లో ఆడ కూలి మగ కూలిలో సగానికి కాస్త పైన ఉండేది. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా మా కల్లం దాకా రాలేదు. ప్రసంగాల దాకానూ రాలేదు. అడిగేవాళ్లు లేరు.

1991 మే నెలలో ఆ లేఖకు నూరేళ్లు నిండాయి. రెండవ జాన్ పాల్ పోపుగారు దాని మీద ఇంకో లేఖ రాశారు. మా విచారణలో (మా చర్చి పరిధిలో) సభ పెట్టారు, షామియానా వేశారు, కార్మికుల పాలక పునీతుడు జోజప్పగారి (సెయింట్ జోసఫ్) పటానికి దండ వేశారు. అప్పటికి మా ఫాదర్‌గారు బదిలీ అయి పోయారు. కొత్తాయన కార్మికుల గౌరవం మీద చక్కగా మాట్లాడారు. పులిహోర పొట్లాలు పంచారు. ఆగస్టు 6న చుండూరు జరిగింది. మా జిల్లానే, తెనాలి పక్కనే. ఎనిమిది మంది దళితులను చంపి గోతాల్లో కుక్కి కాల్వలో పడేశారు. మా పల్లెలో మగవాళ్లు కొన్ని రాత్రులు నిద్రపోలేదు. ఆ ఆదివారం గుళ్లో చుండూరు పేరు వినిపించలేదు. "శాంతి కోసం" ప్రార్థన చేశారు. నాకు కోపం రావడం మొదలైంది అప్పుడేననుకుంటాను. చుండూరు కేసులో 2007లో ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది.

ఇంకో సంగతి. ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం కుల ధ్రువపత్రానికి పోతే గుమాస్తా, "ఏం రాయమంటావు?" అని అడిగాడు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి, ఒక్క శాతం. ఒకే గుళ్లో ఒకే తొట్టి నీళ్లతో జ్ఞానస్నానం తీసుకున్నాం. ఆసామి కొడుకుకు దానివల్ల పోయిందేమీ లేదు. మాకే పోయింది. హిందూ అని రాయించుకుని చదువుకున్నవాళ్లు, జోజి, మరియదాసు అన్న పేర్లు ఇంట్లోనే వదిలేసి బడికి ఇంకో పేరు పెట్టుకున్నవాళ్లు మా పల్లెలో ఎంతమందో. వాళ్లను అబద్ధాలాడారని అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ తేడా తీసేయమని చెప్పింది. ఇంకా తీయలేదు. సర్కారును అడిగే బిషప్పులు తమ ఇల్లు కూడా చూసుకోవాలి కదా. చాలా ఆలస్యంగా చూసుకున్నారు. రెండవ జాన్ పాల్ 2003లో తమిళనాడు బిషప్పులతో, క్రైస్తవుల మధ్య కుల వివక్ష ఛాయలు కూడా ఉండకూడదని చెప్పారు. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల విధానపత్రంలో సభ లోపలే అంటరానితనం ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టు 27న పూల అంతోని గారు పోపు తర్వాతి స్థాయి అయిన కార్డినల్ అయ్యారు. మొదటి దళిత కార్డినల్, మొదటి తెలుగు కార్డినల్, కర్నూలు జిల్లావాడు. ఆ రోజు మా పల్లెలో క్రిస్మస్‌కు కాల్చినన్ని టపాకాయలు కాల్చారు. అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు.

మా గుళ్లో చాపలు పోయాయి. ఇప్పుడందరికీ ప్లాస్టిక్ కుర్చీలే. బోధన మనసుకెక్కి పోయాయనుకోను. ఆసాముల పిల్లలు హైదరాబాదు, అమెరికా పోయి, ముందు బల్లల్లో కూర్చునేవాళ్లు లేకపోయాక పోయాయి. పొలాలు కౌలుకిచ్చారు. కౌలుకు తీసుకున్నవాళ్లలో మా అక్క మొగుడు ఒకడు. అదే ఆసామి చేను, అదే మిరప. మా పల్లె పిల్లలు డిగ్రీలు చదివారు, తొడిమలకు రారు. అందుకని కోతలకు కర్నూలు పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి పల్లెల నుంచి సుగ్గికి, అంటే వలస పనికి, వస్తారు. పిల్లాజెల్లతో లారీల్లో వచ్చి చేలగట్ల మీద పరదాలు కట్టుకుంటారు. మేస్త్రికి ముందే అడ్వాన్సు ఇస్తారు, కోసిన కాయ తూకం వేసి అందులోంచి పట్టుకుంటారు. బడికి పోవాల్సిన పిల్లలు చేలోనే ఉంటారు, చంటిదాన్ని ఎత్తుకునేది ఏడెనిమిదేళ్ల పిల్ల.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి నడిచిపోతూ పన్నెండేళ్ల గిరిజన పిల్ల ఇల్లు కాస్త దూరంలో ఉందనగా చనిపోయింది. పేపర్లో ఆ వార్త చదివి నేను బావకు ఫోన్ చేశాను. అప్పుడు మా చేలోనూ కర్నూలు వాళ్లు ఇరుక్కుపోయి ఉన్నారు. బియ్యం అవీ చూసుకుంటున్నానన్నాడు, చూసుకున్నాడు కూడా. మాటల్లో, ఇంత చిన్నపిల్లల్ని పనికి ఎందుకు రానిస్తున్నారు బావా అన్నాను.

"మేం రమ్మన్నామా? రేటు చెప్పాం, వాళ్లే ఒప్పుకుని వచ్చారు" అన్నాడు.

మా అమ్మ పక్కనే ఉంది, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "ఆ మాట నువ్వనకు అల్లుడూ" అంది.

బావ చెడ్డవాడేం కాదు, లెక్క చెబితే మనకే తల తిరుగుతుంది. కౌలు, మందులు, కోత కూలి పోను చేతికేమీ మిగలదు. 2025 మొదట్లో గుంటూరులో మిర్చి రేటు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు కనీస ధరగా 11,781 రూపాయలు లెక్కగట్టింది. అంతకు రెండేళ్ల ముందు ఇరవై వేలు దాటి అమ్మిన కాయ అది. ఆ మే నెలలోనే కొత్త పోపుగారు వచ్చి లియో అన్న పేరు పెట్టుకున్నారు. యంత్రాల కాలంలో పదమూడవ లియో కార్మికుల గురించి రాసినట్టు, ఇప్పుడు కృత్రిమ మేధ కాలంలో మనుషుల పని గురించి ఆలోచించాలని కార్డినళ్లతో చెప్పారు. ఆ వార్త చూసి నేను పాత లేఖలోని ఆ పేరా వెతికి, తెలుగులో టైప్ చేసి బావకు వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది.

"చదివాను రా. బాగానే ఉంది. ఇదే కాగితం మిర్చి యార్డుకు కూడా పంపు. అక్కడ నేనూ ఒప్పుకునే అమ్ముతున్నాను."

ఈ మాట ముందే తట్టినాయన కూడా ఒకరున్నారు. 1967లో ఆరవ పౌలు పోపుగారు, బలం బాగా తేడాగా ఉన్న ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరినంత మాత్రాన ధర న్యాయమైపోదని, లియో చెప్పిన కూలి సూత్రాన్నే దేశాల మధ్య వ్యాపారానికి పట్టుకొచ్చారు. అదీ పంపాను. బావ దండం బొమ్మ పెట్టి వదిలేశాడు.

ఈసారి కోతలకు ముందు అక్క గట్టిగా కూర్చుంది. గుడిసెలకు కరెంటు బల్బూ, ట్యాంకరు నీళ్లూ మేస్త్రి ఖర్చు కాదు, రైతు ఖర్చేనని తేల్చింది. బడి ఈడు పిల్లలను తూకం దగ్గరికి రానివ్వనంది. వాళ్లను బళ్లో కూర్చోబెట్టుకుంటారా అని సిస్టర్స్‌ను అడిగితే సరేనన్నారు, కొందరు పోతున్నారు. అడ్వాన్సు పట్టుకునే లెక్క మాత్రం ఇంకా తేలలేదు. మేస్త్రి ఒకటంటాడు, బావ ఒకటంటాడు, అక్క కాగితమూ పెన్నూ తీసుకుని ఇద్దరి మధ్యా కూర్చుంటుంది.